నాడాలు తీసేసిన గుర్రానికి డెక్కలు ఎవరిచేత చెక్కించాలి? నలుగురు నాలుగు మాటలంటున్నారు

మొయినాబాద్_తోట
మా తోటలో రెండు గుర్రాలు. ఒకటి పదేళ్ళ మార్వాడీ జాతిది, పుట్టినప్పట్నుంచీ నాడా ఎరగదు, దానితో ఏ పేచీ లేదు. రెండోది ఏడేళ్ళ ఆడ థరోబ్రెడ్, రేసులు మాన్పించాక కొన్నాను. వచ్చేటప్పుడు నాలుగు కాళ్ళకీ అల్యూమినియం నాడాలున్నాయి. మా దగ్గర ఎర్రమట్టి, అక్కడక్కడా మొరం. పరుగులూ పందేలూ లేవు కదా అని జనవరిలో తీయించేశాను.

దగ్గర్లో ఒకాయన ఎడ్లకీ గుర్రాలకీ రెండింటికీ చేస్తాడు. పోయిన వారం వచ్చి ఇరవై నిమిషాల్లో నాలుగు కాళ్ళూ ముగించాడు. అరికాలు తెల్లగా మెరిసేదాకా కత్తితో గీకి, "చూడు సార్, కొత్త సబ్బుబిళ్ళ లెక్కుంది" అన్నాడు. నిజంగానే అలా ఉంది, నేనూ మురిసిపోయాను. మర్నాడు పొద్దున గుర్రం షెడ్డు దాటి రానంది. మొరం మీద కాలు మోపడం, కాలే పెనం తగిలినట్టు వెనక్కి తీసుకోవడం. ఐదు రోజులకి ఇప్పుడిప్పుడే మెత్తటి నేల మీద నడుస్తోంది.

ఇప్పుడు నా ముందు నలుగురున్నారు. రేసుకోర్సులో గుర్రాలకి నాడాలు కొట్టే పని చేసి రిటైరైన నాల్‌బంద్ ఒకరు. సైన్యంలో గుర్రాల దగ్గర చేసి వచ్చినాయన ఒకరు. నాడాల్లేని గుర్రాలకి డెక్కలు చెక్కడానికి బెంగళూరు నుంచి వచ్చే "బేర్‌ఫుట్ ట్రిమ్మర్" ఒకరు, గుర్రానికి మూడు వేలు, రానూపోనూ ఖర్చులు మనవే. నాలుగోవాణ్ణి నేనే, యూట్యూబ్ చూసి నేర్చుకోవడం. ఎవర్నడిగినా మిగతావాళ్ళకి పని రాదనే చెబుతున్నారు. ఏం చూసి నమ్మాలి?

ఊరికే_చదువుతా
"డెక్కలు" అన్న మాట చూసి చెరువులో గుర్రపుడెక్క తీయించే సంగతనుకుని వచ్చా. మా ఊరి చెరువు మొత్తం అదే. తీసేవాడు దొరికితే నాకూ చెప్పండి.

ఓబులేసు_కదిరి
నాడా లేకుండా గుర్రమేందప్పా. మా తాత జట్కా తోలినోడు. నెలకొకతూరి నాడాలు మార్పిచ్చాల్సిందే, లేకుంటే డెక్క అరిగి రోడ్డు మింద రక్తం మరకలు పడేవి. నువ్వు బాగుండే నాడాలు పీకిచ్చి ఇప్పుడు కుంటుతాందంటే ఎట్లా? మళ్ళా కొట్టిచ్చు, అయిపాయ.

టెక్సాస్_తమ్ముడు
ఓబులేసన్నా, జట్కా గుర్రం పొద్దస్తమానం తారు మీద తిరిగేది. పెరిగే దానికన్నా అరిగేదే ఎక్కువ, అందుకే నాడా. ఈయన గుర్రం తోటలో గడ్డి మేస్తూ తిరుగుతుంది. డెక్క నెలకి దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది, అరక్కపోతే ఎవరో ఒకరు చెక్కాలి. నాడా లేకపోవడం వల్ల కుంటలేదు, చెక్కినాయన వల్ల కుంటింది.

నేనుండేది డెంటన్ కౌంటీలో, చుట్టూ గుర్రాల ఫారాలే. నా రెండు క్వార్టర్ హార్సులకీ నాడాల్లేవు. అలాగని అమెరికాలో అంతా సులువనుకోకండి. ఇక్కడ ఫారియర్‌కి (నాడాలు, డెక్కల పనివాడికి) లైసెన్సంటూ లేదు. అమెరికన్ ఫారియర్స్ అసోసియేషన్ పరీక్షలు పెడుతుంది, రాయాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. కొన్ని వారాల కోర్సు చేసి విజిటింగ్ కార్డు కొట్టించుకున్నవాడూ ఫారియరే, ముప్పై ఏళ్ళుగా చేస్తున్నవాడూ ఫారియరే. నేను ముగ్గుర్ని మార్చాక ఇప్పుడున్నాయన దొరికాడు.

లీడ్స్_లో_లత
బ్రిటన్‌లో ఇంకో రకం తమాషా. 1975 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ కానివాళ్ళు గుర్రానికి నాడా వేస్తే నేరం. నాడా వేయడం కోసం డెక్కని సిద్ధం చేయడం కూడా దాంట్లోకే వస్తుంది. కానీ అసలు నాడాయే వేయని గుర్రానికి ఉత్త చెక్కుడు ఆ చట్టంలోకి రాదు. అంటే ఏళ్ళతరబడి నేర్చుకున్న ఫారియరూ చెక్కొచ్చు, నిన్నగాక మొన్న మొదలుపెట్టిన ట్రిమ్మరూ చెక్కొచ్చు. సరిగ్గా మీలాంటి వాళ్ళకే చట్టం సాయం రాదు :)

మొయినాబాద్_తోట
@లీడ్స్_లో_లత మరి మన దేశంలో ఏమైనా సర్టిఫికెట్ ఉందా? సైన్యం నుంచి వచ్చినాయన ఏదో కాగితం ఉందన్నారు.

పశువుల_డాక్టరమ్మ
మన దగ్గర నాల్‌బందుకి రిజిస్ట్రేషనూ లేదు, లైసెన్సూ లేదు. సైన్యం తన ఫారియర్లని మీరట్‌లోని ఆర్‌వీసీ (సైన్యపు గుర్రాల, పశువైద్య విభాగం) సెంటర్‌లో తయారుచేసుకుంటుంది, ఆయన చూపించేది ఆ కాగితమే అయ్యుంటుంది. అది గట్టి శిక్షణే. బ్రూక్ ఇండియా లాంటి సంస్థ ఇటుక బట్టీల గుర్రాలు, గాడిదలు ఉన్న చోట్ల స్థానిక నాల్‌బందులకి నేర్పుతుంది. అవి తప్పితే మిగతాదంతా తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన పనే. కాబట్టి కాగితం కన్నా ముందు గుర్రం నడకని చూడాలి.

తోట గారూ, ఎవర్ని పిలవాలో చెప్పేముందు నాకు మూడు కావాలి. నాలుగు డెక్కల ఫోటోలు, పక్కనుంచీ కిందనుంచీ. జనవరి తర్వాత ఎన్నిసార్లు చెక్కించారు? మేత ఏం పెడుతున్నారు?

బేర్‌ఫుట్_భరత్
ఇందులో అడగడానికి ఏముంది? నాడా అంటేనే హింస. అమెరికాలో జేమీ జాక్సన్ అనే ఫారియర్ 1980లలో గ్రేట్ బేసిన్ ఎడారి ప్రాంతపు అడవి గుర్రాల డెక్కలు చూసి వచ్చి నాడాలు కొట్టే పద్ధతే వదిలేశాడు. ఆ గుర్రాలకి ఎవరు చెక్కుతున్నారు? నేలే చెక్కుతోంది. నాల్‌బందులందరికీ నాడా చూపే ఉంటుంది. బెంగళూరు ట్రిమ్మర్‌నే పిలవండి, డబ్బు గురించి ఆలోచించకండి.

ఓబులేసు_కదిరి
డబ్బు నీదైతే నేనూ ఆలోచించను భరతూ.

టెక్సాస్_తమ్ముడు
భరత్, జాక్సన్ చూసిన గుర్రాలు ఎండిన రాతినేల మీద రోజూ మైళ్ళకొద్దీ నడిచేవి. ఈయన గుర్రం నిన్నటిదాకా రేసుకోర్సు లాయంలో రంపప్పొట్టు మీద నిలబడింది. డెక్కకి అది అడవి గుర్రమని ఎవరు చెబుతారు?

నాల్‌బంద్_మనవడు
మా తాత మలక్‌పేట రేసుకోర్సుల నాల్‌బంద్. నేను ఆ పని నేర్వలే, బ్యాంకుల జేస్తున్న. గని చిన్నప్పుడు సెలవులల్ల ఆయన వెంట సంచి మోసుకుంట పోతుంటి. అందుకని రెండు మాటలు.

తాత గుర్రం కాడికి పోంగనే కాలు పట్టకపోతుండె. సైసును (గుర్రాన్ని చూసుకునేటోన్ని) పిలిచి "అటు ఇటు నడిపియ్యి" అని, తను గోడకు ఒరిగి బీడీ ముట్టిచ్చి కండ్లు మూసుకుంటుండె. ముసలాయన నిద్రవోతుండు అనుకునేటోళ్ళు. ఆయన వింటుండె. టక్కు, టక్కు, టక్కు, ట..క్కు. "ఎడమ ముందరిది" అంటుండె. గప్పుడు కండ్లు తెరిచి, డెక్కల ఏ పక్క ముందు నేలకు తాకుతున్నదో చూస్తుండె. మడమ పక్క ముందుగాల తాకాలె. మొన పక్క ముందు తాకుతున్నదంటే యెనక నొప్పి ఉన్నట్టు, దాన్ని మోపనీకి భయపడుతున్నట్టు. అటెన్క వట్టి చేత్తోటి డెక్క పట్టి వేడి చూసేది. ఇవన్నీ అయినంకనే సంచిలకెల్లి సుమ్‌తరాష్ బైటికొచ్చేది. సుమ్‌తరాష్ అంటే డెక్క చెక్కే కత్తి.

మీ ఇరవై నిమిషాలాయన గుర్రాన్ని నడిపిచ్చి చూసిండా? చూసి ఉండడు. ఎడ్లకు చేసేటోళ్ళకు ఆ అలవాటే ఉండదు. ఎద్దును పడగొట్టి, కాళ్ళు కట్టి, చీలిన గిట్టకు రెండు బిళ్ళలు కొట్టి లేపుతరు. ఎద్దు ఎట్ల నడుస్తుందో తర్వాత సంగతి.

ఇగ అసలు ముచ్చట. మా తాతసోంటోళ్ళు కూడా మీకు పనికొస్తరని గ్యారంటీ లేదు. నాడా వేయనీకి చెక్కుడు వేరు, నాడా లేకుండ నడవనీకి చెక్కుడు వేరు. నాడా కోసమైతే కింద సాపుగ పలక లెక్క చెయ్యాలె, నాడా అతుక్కోవాలె గదా. అరికాలు పల్సగైనా ఇనుము కాపాడుతది. నాడా లేకుంటే ఆ అరికాలే చెప్పు. దాన్ని ముట్టొద్దు. అంచును మాత్రం ఆకురాయితోటి గుండ్రంగ చెయ్యాలె, డెక్క గోడ, అంటే బైటి గట్టి పెంకు, పెచ్చులు లేవకుండ. ఫోన్ల ఒకటే అడుగుండ్రి: "అరికాలు ఎంత తీస్తరు?" శుభ్రంగ తీస్త అన్నోన్ని రానియ్యకుండ్రి.

లీడ్స్_లో_లత
ఆ బీడీ సీను కోసమైనా ఈ చర్చ సేవ్ చేసుకుంటున్నా.

ఊరికే_చదువుతా
తీసేసిన అల్యూమినియం నాడాలు పారేశారా తోట గారూ? మా అత్తగారికి శని ఉంగరం చేయించాలి, గుర్రపు నాడాతో చేయించమని పంతులు చెప్పాడు.

ఓబులేసు_కదిరి
అల్యూమినియంకి శని పోడు నాయనా. ఇనుముదే కావాల, అదీ నల్లగుర్రందే కావాల. అల్యూమినియం ఉంగరమేస్తే శని నవ్వుకుంటాడు.

ఆకురాయి
నేను ఈ పనే చేస్తానండి, ఉభయగోదావరిలోనూ ఓ ముప్పై గుర్రాలదాకా చూస్తాను. ఇక్కడందరూ చెక్కేవాణ్ణి ఎలా పరీక్షించాలో చెబుతున్నారు, బాగుంది. మా వైపు మాట కూడా ఒకటి వినండి.

నాకు ఫోన్ ఎప్పుడొస్తుందో తెలుసాండీ? డెక్క పగిలి పెచ్చు ఊడాక. వెళ్ళేసరికి గుర్రం మోకాలిదాకా బురద. కడిగి ఉంచమని ముందురోజే చెప్పినా ఉండదు. కాలు ఎత్తడం అలవాటు చేయరు, తాడు పట్టుకోడానికి మనిషుండడు, ఉంటే వాడు సెల్లు చూసుకుంటుంటాడు. అది తన్నితే నా నడుం పోతుంది. ఎండాకాలంలో డెక్క రాయిలా ఉంటుంది, ముందురోజు సాయంత్రం కాళ్ళకింద కాస్త నీళ్ళు నిలబెట్టండని చెబుతాను, వినరు. నాలుగు నెలలు పెరిగింది ఒక్క రోజులో సరిచేయమంటారు. అలా చేస్తే కుంటుతుంది, చేయకపోతే "డబ్బు తీసుకుని పైపైన గీకి పోయాడు" అంటారు.

తోట గారిని అనడం లేదు. కానీ డాక్టరమ్మ గారు అడిగిన రెండో ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు, గమనించారా.

మొయినాబాద్_తోట
గమనించారన్నమాట. సరే ఒప్పుకుంటున్నా. జనవరిలో నాడాలు తీశాక మళ్ళీ చెక్కించింది పోయిన వారమే. పద్నాలుగు వారాలు. మార్వాడీకి అరుగుదలతోనే సరిపోతుంది కదా, దీనికీ అంతే అనుకున్నా.

ఫోటోలు పెట్టాను, చూడండి. మేత: పగలు సూపర్ నేపియర్, రాత్రి వరిగడ్డి, పొద్దున నానబెట్టిన ఉలవలు రెండు కిలోలు, సాయంత్రం తవుడు, అందులో పావుకిలో బెల్లం. బెల్లం మా నాన్న డిపార్ట్‌మెంటు. "రేసుగుర్రం, బలం తగ్గకూడదు" అంటారు.

పశువుల_డాక్టరమ్మ
అనుకున్నా.

ఫోటోల్లో ముందుకాళ్ళు చూడండి. డెక్క గోడ మీద అడ్డంగా గీతలున్నాయి కదా, మొన దగ్గర ఇరుకుగా, మడమకొచ్చేసరికి వెడల్పుగా విచ్చుకున్నాయి. అన్ని గీతలూ సమానమైన ఎడంతో ఉంటే మేత మారిందనో కాలం మారిందనో అనుకోవచ్చు. ఇలా విసనకర్రలా విచ్చుకుంటే లామినైటిస్ వచ్చి వెళ్ళిన గుర్తు. డెక్క గోడకీ లోపలి ఎముకకీ మధ్య ఉండే పట్టు సడలుతుంది. కిందనుంచి తీసిన ఫోటోలో తెల్ల గీత (గోడా అరికాలూ కలిసే చోటు) కూడా మొన దగ్గర సాగి ఉంది. తవుడు, ఉలవలు, పైన బెల్లం. అంత పిండీ చక్కెరా దాని పొట్టకి ఎక్కువ, అది కాళ్ళలోకి దిగుతుంది. ఇంగ్లీషులో ఉలవల పేరు హార్స్‌గ్రామ్ అయినంతమాత్రాన పని చేయని గుర్రానికి రెండు కిలోలు అక్కర్లేదు.

అంటే మీ సబ్బుబిళ్ళ ఆయన తప్పు లేదా అంటే ఉంది. అసలే నొప్పి ఉన్న కాలికి ఉన్న కాస్త అరికాలూ తీసేశాడు. కానీ బెల్లం ఆపకుండా ఎంత మంచివాణ్ణి తెచ్చినా మీరు మళ్ళీ ఇక్కడికొచ్చి ఇదే ప్రశ్న అడుగుతారు.

ఇవాళే చేయాల్సినవి: బెల్లం, తవుడు బంద్. ఉలవలు నాలుగు రోజుల్లో తగ్గించుకుంటూ ఆపండి, గడ్డి మాత్రం కడుపునిండా ఉండాలి. కట్టేసే చోట మందంగా ఇసుక పోయించండి. డెక్కకి కాస్త పైన, చీలమండ వెనకవైపు వేలు పెట్టి చూస్తే నాడి దడదడా కొట్టుకుంటుంటే వెంటనే డాక్టర్ని పిలవండి. ముందుకాళ్ళకి ఎక్స్‌రే తీయించండి, మెషీన్ తోటకే తెచ్చేవాళ్ళున్నారు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారో కూడా చూసుకోండి, గుర్రానికి అది చాలా తేలిగ్గా సోకుతుంది.

మొయినాబాద్_తోట
నాన్నకి మీ పోస్టు చదివి వినిపించాను. "డాక్టరమ్మకి బెల్లం అంటే పడదేమో" అన్నారు. తర్వాత తనే వెళ్ళి బెల్లం డబ్బా ఇంట్లో పెట్టేసొచ్చారు. ఇప్పుడు గుర్రం ఆయన జేబు వాసన చూస్తూ వెంటపడుతోంది. ఆయన దాని మొహం చూడకుండా తప్పించుకు తిరుగుతున్నారు.

బేర్‌ఫుట్_భరత్
ఎక్స్‌రే ఎందుకు? మంచి ట్రిమ్మర్ చూస్తే తెలిసిపోతుంది.

పశువుల_డాక్టరమ్మ
@బేర్‌ఫుట్_భరత్ అరికాలు పదిహేను మిల్లీమీటర్లుందా ఎనిమిదుందా బయటనుంచి చూసి చెప్పగలిగినవాణ్ణి నేనింకా కలవలేదు. చెప్పగలనన్నవాళ్ళని మాత్రం చాలామందినే కలిశాను.

విశాఖ_రౌతు
నాలుగో దారి గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనే నేర్చుకోవడం. నేను చేశాను, చెబుతా. నా కాఠియావాడీ గుర్రానికి రెండేళ్ళుగా నేనే ఆకురాయి పడుతున్నా. మొదటి ఆర్నెల్లూ చెక్కేవాడు వచ్చినప్పుడు పక్కన నిలబడి కాలు పట్టడమే నా పని. తర్వాత ఆయన ఐదు వారాలకొకసారి వస్తే, మధ్యలో నేను అంచు మాత్రం గుండ్రం చేసేదాన్ని. కత్తి ముట్టుకోలేదు.

ఒకసారి వీడియో చూసి ఉత్సాహం ఎక్కువై కుడి ముందుకాలు మడమ ఒకవైపు ఎక్కువ తీసేశాను. సమం చేద్దామని రెండోవైపు తీశాను. మళ్ళీ మొదటివైపు ఎక్కువనిపించింది. రొట్టె పంచిన కోతి కథ. ఆగేసరికి మడమే మిగల్లేదు. రెండు నెలలు దాన్నెక్కలేదు.

కాబట్టి తోట గారూ, ఆకురాయి కొనండి, కత్తి కొనకండి.

ఆకురాయి
@విశాఖ_రౌతు నా పేరు ఇంత గౌరవంగా వాడినందుకు థాంక్సండి.

లీడ్స్_లో_లత
చెక్కేవాడు గుర్రంతో ఎలా ఉంటాడన్నది కూడా చూడండి. మా దగ్గర ఒకడు చేతిపని అద్భుతం, కానీ గుర్రం కదిలితే ఆకురాయితోనే దాని పొట్ట మీద కొట్టేవాడు. రెండోసారికి అది వాడి వ్యాను చప్పుడు వింటేనే వణికేది. మూడోసారి పిలవలేదు. ముసలి గుర్రాలకి కీళ్ళనొప్పులుంటే కాలు ఎక్కువసేపు ఎత్తి ఉంచలేవు, దించి మళ్ళీ ఎత్తే ఓపిక ఉండాలి.

టెక్సాస్_తమ్ముడు
నాదొకటి. వాళ్ళు ఏడాదిగా చూస్తున్న గుర్రాల్ని రెండు మూడింటిని చూపించమనండి. ఆయన చెప్పే మాటలు కాదు, ఆ గుర్రాల్ని రాళ్ళ మీద నడిపించి చూడండి. చెక్కిన మర్నాడు గుర్రం ముందురోజులాగే నడవాలి, ఇంకా బాగా నడిస్తే మరీ మంచిది. "నాలుగు రోజులు కుంటడం మామూలే, డెక్కలోంచి విషం పోతోంది" అనేవాళ్ళుంటారు జాగ్రత్త. నా మొదటి ఫారియర్ ఆ మాటే ఏడాది పొడుగునా చెప్పాడు.

ఇంకోటి, రేసుల నుంచి వచ్చిన గుర్రానికి ఎవరు చేసినా కొత్త గోడ పైనుంచి కిందికి దిగాలంటే తొమ్మిది నెలల నుంచి ఏడాది. అందాకా రాళ్ళ మీదికి తీసుకెళ్ళాల్సొస్తే హూఫ్ బూట్లు తొడగండి.

మొయినాబాద్_తోట
పన్నెండు రోజుల తర్వాత అప్‌డేట్.

ఎక్స్‌రే తీయించాం. లోపలి ఎముక కొంచెమే వంగింది, డాక్టరు గారు "సమయానికి చూశారు" అన్నారు. అరికాలు ఎడమ ముందుకాలికి ఎనిమిది మిల్లీమీటర్లు, కుడిదానికి తొమ్మిది. భరత్ గారు ఏమీ అనుకోవద్దు.

మనవడు గారి ప్రశ్న ముగ్గురికీ ఫోన్‌లో వేశాను. బెంగళూరాయన అసలు ప్రశ్న వినలేదు, నాడాలు ఎంత పాపమో అరగంట చెప్పారు. ఎక్స్‌రే పంపనా అంటే అక్కర్లేదన్నారు. డాక్టరుతో ఒకసారి మాట్లాడతారా అంటే "డాక్టర్లకి డెక్క గురించి ఏం తెలుసు" అన్నారు. అక్కడితో అయిపోయింది.

రేసుకోర్సు పెద్దాయన మాత్రం కాసేపు ఆలోచించి, "బేటా, నేను నాడా మనిషిని. నలభై ఏండ్లు నాడా కోసమే చెక్కిన. ఉత్తకాలు గుర్రం నా చేతికి రాదు" అన్నారు. అని ఆయనే ఆ సైన్యం నుంచి వచ్చినాయన్ని పిలవమన్నారు, ఇద్దరికీ పరిచయమట.

సైన్యం ఆయన మొన్న పొద్దున ఆరింటికే వచ్చారు. ముందు గట్టి నేల మీద, తర్వాత ఇసుకలో నడిపించమన్నారు. బీడీ లేదు గానీ చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూశారు. ఎక్స్‌రే ఫోన్‌లో పెద్దది చేసి, చాక్‌పీసుతో డెక్క గోడ మీద ఎముక ఎక్కడిదాకా ఉందో గీత గీశారు. బొటనవేలితో అరికాలు నొక్కితే ఒకచోట కాస్త లోపలికి పోయింది, "ఇక్కడ చూడండి" అని నా వేలు పట్టి నొక్కించారు. నాకు కడుపులో తిప్పింది. కత్తి ఒక్కసారే తీశారు, ఫ్రాగ్ (అరికాలి మధ్యలో ముక్కోణంలా ఉండే మెత్తటి భాగం) పక్కన వేలాడుతున్న పెచ్చు తీయడానికి. మిగతాదంతా ఆకురాయే, ముందు మొనని పైవైపు నుంచి వెనక్కి తెచ్చి అంచు గుండ్రం చేశారు. అరగంటలో ముందుకాళ్ళు మాత్రమే అయ్యాయి. "ఇవాళ ఇంతే. వెనకవి వచ్చే వారం. ఐదు వారాలకొకసారి నేనే ఫోన్ చేస్తాను, మీరు చేయరని తెలుసు" అన్నారు. నేనేమీ చెప్పకుండానే తెలిసిపోయింది ఆయనకి.

ఎనిమిది వందలు తీసుకున్నారు. మర్నాడు గుర్రం షెడ్డు నుంచి తొట్టి దగ్గరికి మామూలుగా నడిచి వెళ్ళింది. మొరం దగ్గర ఆగి, పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళింది, అది వేరే సంగతి.

టెక్సాస్_తమ్ముడు
ఎనిమిది వందలా! నేను ఒక్కో గుర్రానికి డెబ్బై డాలర్లు ఇస్తున్నా. ఆయన్ని డెంటన్ పంపించండి, టికెట్ నాది.

నాల్‌బంద్_మనవడు
రాదు అన్నోడే ఉస్తాదు. ఆ పెద్దాయనకు నా సలాం చెప్పుండ్రి. మా తాతను ఎరుగునేమో అడుగుండ్రి కూడా.

పశువుల_డాక్టరమ్మ
సంతోషం. ఒక్క జాగ్రత్త, వానలొస్తున్నాయి. ఫ్రాగ్ పక్క సందుల్లో నల్లగా జిగురు కారి కుళ్ళు వాసనొస్తే అది థ్రష్. రోజూ డెక్కలు గీకి, పొడిగా ఉంచితే చాలావరకు రాదు. వస్తే పలచటి అయోడిన్ చాలు. మైలుతుత్తం నీళ్ళు చిక్కగా కలిపి పోసేవాళ్ళుంటారు, పచ్చి కండకి తగిలితే కాలుస్తుంది, వద్దు.

విశాఖ_రౌతు
మా తోటమాలికి మొదటిసారి "ఫ్రాగ్ కుళ్ళింది, కడుగు" అంటే షెడ్డంతా కప్ప కోసం వెతికాడు.

ఓబులేసు_కదిరి
సరే అప్పా, నాడా మాట వాపసు తీసుకుంటా. సగం. తారురోడ్డు మిందికి తోలితే మాత్రం మళ్ళా నా పోస్టు తీసి చదువుకో.

బేర్‌ఫుట్_భరత్
ఎనిమిది మిల్లీమీటర్లు అన్నారు కదా. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీయించినప్పుడు ఎంతుందో ఇక్కడ చెప్పండి. నిజంగానే తెలుసుకోవాలనుంది.

మొయినాబాద్_తోట
తప్పకుండా భరత్ గారూ. నిన్న రెండో విడత అయింది, నాలుగు కాళ్ళకీ. ఈసారి కడిగి ఆరబెట్టి ఉంచాను, తాడు నాన్న పట్టుకున్నారు. ఆకురాయి ఒకటి నాకిచ్చి, వారానికోసారి అంచు మీద పదిసార్లే లాగమన్నారు, పదకొండోది వద్దన్నారు.

చాలామంది ఇన్‌బాక్స్‌లో ఆయన నంబరు అడుగుతున్నారు. అడిగి చూశాను. పద్దెనిమిది గుర్రాలున్నాయట, పంతొమ్మిదోదాన్ని తీసుకుంటే ఐదు వారాలు కాస్తా ఏడవుతాయట, అందుకని ఇవ్వొద్దన్నారు.

ఆకురాయి
ముప్పై పెట్టుకున్నవాణ్ణి, నాకు తగిలింది. తగ్గించుకుంటానండి.

ఊరికే_చదువుతా
అన్నీ చదివా. పద్దెనిమిదిలో నల్లగుర్రం, ఇనుప నాడాది ఏదైనా ఉందేమో ఒక్కసారి కనుక్కోండి ప్లీజ్. అత్తగారు రోజూ అడుగుతున్నారు.